శ్రీకాకుళం వినియోగదారుల కమిషన్‌లో బీమా కంపెనీ తరఫున కేసు నడపడం ఎలా?

మీరు కొత్తగా ఒక బీమా కంపెనీ ప్యానెల్లో (కంపెనీ తన కేసులు అప్పగించే వకీళ్ల జాబితాలో) చేరిన అడ్వకేటు కావచ్చు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బ్రాంచిలో కూర్చుని, క్లెయిమ్ ఫైళ్లతో పాటు కోర్టు నోటీసులు కూడా చూసుకోవాల్సి వచ్చిన అధికారి కావచ్చు. కంపెనీ దురుద్దేశంతో క్లెయిమ్ ఎగ్గొట్టిందని ఒక పాలసీదారు కేసు వేసినప్పుడు, నోటీసు అందిన రోజు నుంచి ఆర్డరు వచ్చాక వరకు ఏ పని ఏ వరసలో చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ ఆరోపణకే విడిగా దావా ఉంది. అక్కడ జ్యూరీలు పాలసీ మొత్తానికి ఎన్నో రెట్లు దండనగా వేయగలవు. మన దగ్గర ఆ పేరుతో దావా లేదు. అదే ఆరోపణ వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న మాటలతో జిల్లా కమిషన్‌కి వస్తుంది. క్లెయిమ్ మొత్తం, వడ్డీ, మానసిక క్షోభకు పరిహారం, ఖర్చులు అడుగుతారు. వీటికి తోడు సెక్షన్ 39 కింద శిక్షగా అదనపు పరిహారం వేసే అధికారం కూడా కమిషన్‌కి ఉంది.

వాదన కమిషన్ హాల్లో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి క్లెయిమ్ తిరస్కరిస్తూ కంపెనీ ఉత్తరం రాసిన రోజే అది సగానికి పైగా ముగిసిపోతుంది. ఆ ఉత్తరంలో ఉన్నదాన్ని మీరు రుజువు చేయగలరు, లేదా చేయలేరు. మూడో దారి లేదు. ఈ మాట మనసులో పెట్టుకుంటే మిగతా పనులన్నీ వాటంతటవే వరసలో పడతాయి.

నోటీసు అందిన రోజు

కవరు మీద అందిన తేదీ వేసి, తీసుకున్న మనిషి చేత సంతకం పెట్టించి, కవరుతో సహా స్కాన్ తీయించండి. లోపల నోటీసు ఒక్కటే ఉందా, ఫిర్యాదు కాపీ, దాని వెంట పెట్టిన కాగితాలు కూడా ఉన్నాయా అన్నది అక్కడికక్కడే రాసి పెట్టుకోండి. ఇంత పట్టింపు ఎందుకంటే, సెక్షన్ 38 ప్రకారం కౌంటరు, అంటే ఫిర్యాదుకి రాతపూర్వక జవాబు, వేయడానికి 30 రోజులే గడువు. కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజులు. న్యూ ఇండియా అస్యూరెన్స్ వర్సెస్ హిల్లీ మల్టీపర్పస్ కోల్డ్ స్టోరేజ్ కేసులో 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ 45 రోజులు దాటాక ఒక్క రోజు కూడా ఇచ్చే అధికారం కమిషన్‌కి లేదని తేల్చేసింది. ఫిర్యాదు కాపీతో కలిపి నోటీసు అందినప్పటి నుంచే గడువు లెక్క మొదలవుతుందని కూడా అదే తీర్పు చెప్పింది. అందుకే కవరులో ఏమున్నదో రాసుకోమంటున్నాను.

మన జిల్లాల్లో గడువు ఎక్కడ కరిగిపోతుందో చెబుతాను. నోటీసు శ్రీకాకుళం బ్రాంచికి వస్తుంది. బ్రాంచి దాన్ని విశాఖపట్నం పంపుతుంది. విశాఖ పైఆఫీసుకి పంపుతుంది. అక్కడ అడ్వకేటు పేరు ఖరారై, వకాలత్ మీద సంతకం పడి తిరిగి వచ్చేసరికి నెల గడిచిపోతుంది. అదీ సంక్రాంతి ముందు వచ్చిన నోటీసైతే చెప్పనక్కర్లేదు. మీరు బ్రాంచిలో ఉంటే పైఆఫీసు జవాబు కోసం ఎదురుచూడకుండా స్కాన్ కాపీని ఆ సాయంత్రమే ప్యానెల్ అడ్వకేటుకి కూడా పంపండి. మీరు అడ్వకేటైతే 30వ రోజు, 45వ రోజు ఎప్పుడు వస్తాయో డైరీలో ఎర్ర సిరాతో రాసుకోండి. మొదటి 30 రోజులు నిండకముందే గడువు పొడిగింపు పిటిషన్ వేయండి, కారణం నిజంగా జరిగిందే రాయండి. కౌంటరు హక్కు పోయినా వాదన వినిపించే హక్కు మిగులుతుంది. కానీ మీ వైపు నుంచి ఒక్క వాస్తవమూ రికార్డులో లేకుండా చేసే వాదనకు బలం ఎక్కడిది?

ఈ కేసు ఇక్కడ నడవదు, పాలసీ హైదరాబాదులో ఇచ్చాం అన్న అభ్యంతరం మానేయండి. సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. కవిటిలో ఉన్న నామినీకి శ్రీకాకుళం కమిషనే సరైన చోటు. ఎంత విలువ కేసు అన్నది కూడా ఇప్పుడు క్లెయిమ్ మొత్తాన్ని బట్టి కాదు, కట్టిన ప్రీమియాన్ని బట్టి. 50 లక్షల వరకు జిల్లా కమిషన్‌దే అధికారం. అంత ప్రీమియం కట్టేవాళ్లు ఎందరుంటారు? కాబట్టి కోటి రూపాయల క్లెయిమైనా మన జిల్లాలోనే తేలుతుంది.

ఫైలు మొత్తం తెప్పించుకోండి

సారాంశం కాదు, ఫైలు. పైఆఫీసు నుంచి మీకు రెండు పేజీల నోట్ వస్తుంది. దాన్ని నమ్మి కౌంటరు రాయకండి. ప్రపోజల్ ఫారం (బీమా కోసం పెట్టుకున్న దరఖాస్తు) అసలు, పాలసీ బాండు, నిబంధనల పుస్తకం, అది పాలసీదారుకి పంపినట్టు రుజువు, క్లెయిమ్ సమాచారం అందిన తేదీ, సర్వేయర్ని (నష్టం లెక్కకట్టేవాడిని) లేదా ఇన్వెస్టిగేటర్ని నియమించిన ఉత్తరం, వాళ్ల రిపోర్టు దాని వెంట ఉన్న కాగితాలతో సహా, ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ, ఆఖర్న తిరస్కరణ లేఖ, దాని రిజిస్టర్డ్ పోస్టు రసీదు. క్లెయిమ్ తిరస్కరించమని ఎవరు, ఏ తేదీన, ఏ కారణంతో నిర్ణయించారో చూపే అంతర్గత నోట్ కూడా అడగండి. మీరు దాన్ని దాఖలు చేయకపోవచ్చు, కానీ చదవాలి.

వీటిలో చాలా ఫైళ్లలో దొరకనిది నిబంధనల పుస్తకం పంపినట్టు రుజువు. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాలసీదారుకి తెలియజేయని మినహాయింపు షరతును కంపెనీ అతని మీద ప్రయోగించలేదని మోడర్న్ ఇన్సులేటర్స్ కేసులో 2000లోనూ, భారత్ వాచ్ కంపెనీ కేసులో 2019లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క కవర్ నోటు (తాత్కాలిక బీమా పత్రం) ఇచ్చి పంపేసిన దుకాణదారు మీద నలభై పేజీల పుస్తకంలోని షరతు చూపిస్తే ఆ రెండు తీర్పులూ ఎదుటి వకీలు చేతిలో ఉంటాయి. కొరియర్ రసీదో, ఈమెయిల్ వెళ్లిన రికార్డో, లింకు పంపిన ఎస్సెమ్మెస్ లాగో సంపాదించండి.

తిరస్కరణ లేఖను ఎదుటి పక్షం కళ్లతో చదవండి

అన్నిటికంటే ఎక్కువ సేపు కూర్చోవాల్సింది ఈ ఒక్క కాగితంతోనే. అందులో రాసిన కారణమే మీ కేసు. గలాడా పవర్ కేసులో 2016లో, సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: లేఖలో చెప్పని కారణాన్ని తర్వాత కౌంటరులో కొత్తగా ఎత్తుకోకూడదు. సమాచారం ఆలస్యంగా ఇచ్చారని లేఖలో లేకపోతే, ఎంత ఆలస్యం జరిగినా ఆ మాట ఇక మీకు లేదు.

లేఖ ముందు పెట్టుకుని మూడు సంగతులు తేల్చుకోండి. కారణం పాలసీలోని ఏ షరతు కింద వస్తుందో నంబరుతో సహా రాశారా? ఆ కారణాన్ని నిలబెట్టే కాగితం ఫైల్లో ఉందా? ఆ కాగితాన్ని కమిషన్ ముందు నిరూపించే మనిషి దొరుకుతాడా? మొదటిది లేకపోతే లేఖ బలహీనం. రెండోది లేకపోతే కేసు బలహీనం. మూడోది లేకపోతే, కాగితం ఎంత గట్టిదైనా, మీరు దాన్ని గాల్లో ఊపుతున్నట్టే.

మూడింటికీ జవాబు లేదని తేలితే కౌంటరు మొదలుపెట్టకండి. ముందు కంపెనీకి ఉత్తరం రాయండి. ఈ క్లెయిమ్ ఎందుకు నిలబడదు, ఇప్పుడు చెల్లిస్తే ఎంత, ఓడిపోయాక చెల్లిస్తే ఎంత అన్నది లెక్కతో చూపించండి. 5 లక్షల క్లెయిమ్ మీద 9 శాతం వడ్డీ మూడేళ్లకు 1 లక్షా 35 వేలు. మానసిక క్షోభ, ఖర్చులు, మీ ఫీజు, అప్పీలుకి వెళ్తే డిపాజిట్ అన్నీ దాని మీద. ప్యానెల్ పోతుందేమోనని భయపడి ఈ ఉత్తరం రాయనివాళ్లు ఉన్నారు. ఆ భయం అర్థం చేసుకోగలను, కానీ అది సరైనది కాదు. చెల్లించాల్సిన క్లెయిమ్ మీద మూడేళ్లు పోట్లాడించిన అడ్వకేటు తన కక్షిదారుకి మేలు చేయలేదు. చెల్లించనక్కర్లేని మోసపు క్లెయిమ్ వచ్చినప్పుడు కమిషన్ ఆ కంపెనీ మాట నమ్మాలంటే, నిజమైన క్లెయిముల్లో ఆ కంపెనీ మొండికేసిన చరిత్ర ఉండకూడదు. మోసపు క్లెయిముకి పోయే డబ్బు కూడా ఆమదాలవలసలో టీకొట్టు నడిపే మనిషీ, భోగాపురం మత్స్యకారుడూ కట్టిన ప్రీమియమే కదా.

సెక్షన్ 37 కింద మొదటి వాయిదాలోనే, రాజీకి వీలుందనిపిస్తే కమిషన్ మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంటారా అని అడగొచ్చు. అయిదు రోజుల్లో రాతపూర్వకంగా సమ్మతి చెప్పాలి. అప్పుడు పైఆఫీసుని అడిగితే జవాబు వచ్చేలోపు గడువు దాటుతుంది. రాజీకి ఎంతవరకు వెళ్లొచ్చో ముందే రాయించి పెట్టుకోండి.

ఉద్దానం నుంచి వచ్చే జీవిత బీమా కేసులు

శ్రీకాకుళం జిల్లాలో బీమా కేసులు చూసేవాళ్లు ఇది నేర్చుకోక తప్పదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో, అంటే ఉద్దానంలో, దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పాలసీ తీసుకున్న కొద్ది కాలానికే మనిషి పోతాడు, నామినీ క్లెయిమ్ పెడుతుంది, జబ్బు దాచాడని కంపెనీ తిరస్కరిస్తుంది. భర్త పోయి, పిల్లల్ని పెట్టుకుని కమిషన్ మెట్లెక్కిన మనిషి మీద మీరు కేసు నడుపుతున్నారని మరిచిపోకండి. మాట మర్యాదగా ఉండాలి, రుజువు గట్టిగా ఉండాలి.

మొదట బీమా చట్టం, 1938లోని సెక్షన్ 45 తీయండి. 2015 సవరణ తర్వాత, పాలసీ మొదలై మూడేళ్లు నిండితే ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. మోసం జరిగిందన్నా సరే. మూడేళ్లు ఎప్పటి నుంచి అన్నది పాలసీ జారీ, రిస్కు మొదలు, పునరుద్ధరణ, రైడర్ (అదనపు రక్షణ) చేర్చడం, వీటిలో ఏది ఆఖరిదైతే దాని నుంచి లెక్క. ఈ లెక్క వేయకుండా వెళ్లిన కేసు మొదటి పేజీలోనే పోతుంది.

మూడేళ్లలోపు అయితే నాలుగు అంశాలు నిరూపించాలి. ప్రపోజల్ ఫారంలో ఆ ప్రశ్న అడిగారు. దానికి తప్పు జవాబు ఉంది. ఆ రోజుకి ఆ మనిషికి నిజం తెలుసు. ఆ నిజం తెలిస్తే కంపెనీ పాలసీ ఇచ్చేది కాదు, లేదా వేరే ప్రీమియానికి ఇచ్చేది. వీటిలో మూడోది, అంటే తెలిసి ఉండటం, అన్నిటికంటే కష్టం. కిడ్నీ జబ్బు బాగా ముదిరే దాకా బయటపడదు. ఊళ్లో వైద్య శిబిరం పెట్టి రక్తం తీసుకెళ్లారు, రిపోర్టు ఇతనికి చేరిందో లేదో ఎవరికీ తెలియదు. అలాంటి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే పరీక్ష) రిపోర్టు పట్టుకుని దాచాడు అనడం నిలబడదు. పాలసీకి ముందే డయాలిసిస్ చేయించుకున్న రికార్డో, డాక్టరు మందులు రాసిన చీటీయో, ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చికిత్సకు అనుమతి వచ్చిన తేదీయో ఉంటే అది వేరు. ఉద్దానం మనిషి కాబట్టి తెలిసే ఉంటుంది అన్న వాదన అసలు ఎత్తకండి. అడ్రసు ప్రపోజల్ ఫారంలోనే ఉంది. ఆ ప్రాంతంలో జబ్బు ఉందని కంపెనీకీ తెలుసు, తెలిసే ప్రీమియం తీసుకుంది.

డిశ్చార్జి సమ్మరీలో 'మూడేళ్లుగా కిడ్నీ సమస్య' అని ఒక వాక్యం కనిపిస్తే సంతోషపడిపోకండి. ఆ వాక్యం వెంట వచ్చిన బంధువు చెప్పింది విని డ్యూటీ డాక్టరు రాసుకున్నది కావచ్చు. ఆ డాక్టరు అఫిడవిట్ లేకుండా, పాత చికిత్స కాగితం ఒక్కటైనా లేకుండా ఆ ఒక్క వాక్యం మీద కమిషన్లు కంపెనీ వైపు మొగ్గు చూపవు. ఇన్వెస్టిగేటర్ విశాఖ కేజీహెచ్ నుంచో శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి నుంచో కేసు షీటు తెస్తే, అందులోని మనిషీ చనిపోయిన మనిషీ ఒకరే అని చూసుకోండి. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు వీధికి ఇద్దరు దొరుకుతారు. తండ్రి పేరు, వయసు, ఆధార్ సరిపోల్చండి.

ప్రపోజల్ ఫారం ఎవరు నింపారో కూడా చూడండి. ఇంగ్లీషు ఫారం, ఏజెంటు చేతిరాత, కింద వేలిముద్ర. ఫారంలోని ప్రశ్నలు తెలుగులో చదివి వినిపించానని సంతకం చేసిన మనిషి ఎవరు? ఆ గడి ఖాళీగా ఉంటే మీ మొదటి అంశమే కూలుతుంది. ఉంటే ఆ మనిషి అఫిడవిట్ తీసుకోండి.

తీర్పుల విషయం. సత్వంత్ కౌర్ సంధు కేసు 2009 మీకు అనుకూలం: అడిగిన జబ్బును దాచడం ముఖ్య వాస్తవాన్ని దాచడమే. రేఖాబెన్ రాథోడ్ కేసు 2019 కూడా అంతే, అక్కడ దాచింది అంతకు ముందు తీసుకున్న ఇంకో పాలసీని. సుల్భా మోతేగావ్‌కర్ కేసు 2015 మీకు ప్రతికూలం: దాచిన జబ్బుకీ మరణానికీ సంబంధం లేకపోతే క్లెయిమ్ ఆపకూడదన్నది అది. ఎల్‌ఐసీ వర్సెస్ ఆశా గోయల్ 2001 కూడా చదవండి. తిరస్కరణ అన్నది యాంత్రికంగా చేసే పని కాదని, ఎంతో జాగ్రత్తగా చేయాలని అందులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. మీకు ప్రతికూలమైన తీర్పును ఎదుటి వకీలు తీసేలోపు మీరే తీసి, మీ కేసు దానికి ఎలా భిన్నమో చెప్పండి. కమిషన్ సభ్యులు మీ మిగతా మాటలు కూడా శ్రద్ధగా వింటారు.

ఇంకొక్కటి. మోసం అని కాకుండా వాస్తవం దాచారన్న కారణంతో తిరస్కరిస్తే, కట్టిన ప్రీమియం 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలని అదే సెక్షన్ 45 చెబుతోంది. ఇచ్చారా? ఇవ్వకపోతే కౌంటరు వేసే ముందే ఇప్పించండి. దీన్ని వదిలేసిన ఫైలు దురుద్దేశం ఆరోపణకి చేజేతులా సాక్ష్యం ఇస్తుంది.

ఆరోగ్య బీమాలోనూ ఇలాంటి హద్దు ఒకటి ఉంది. 2024 ఏప్రిల్ నుంచి, వరసగా 60 నెలలు నడిచిన పాలసీని రుజువైన మోసం ఉంటే తప్ప, జబ్బు దాచారని ప్రశ్నించడానికి లేదు. ముందు నుంచీ ఉన్న జబ్బులకు ఆగాల్సిన కాలం కూడా 36 నెలలకు మించకూడదు.

ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కేసుల్లో దారి వేరు. ఏటా 436 రూపాయల ప్రీమియం, 2 లక్షల బీమా. ఇక్కడ తగాదా ఎక్కువగా బ్యాంకు ఖాతాలో డబ్బు కోసుకుందా, కోసుకుని కంపెనీకి పంపిందా అన్నదే. ఖాతా స్టేట్‌మెంటు, బ్యాంకు పంపిన జాబితా తెప్పించి చూడండి. డబ్బు మీకు చేరకపోతే ఆ మాట తేదీలతో చెప్పండి, బ్యాంకును కేసులో చేర్చమని అడగండి. చేరి ఉంటే మాత్రం చెల్లించమని కంపెనీకి చెప్పండి.

వాహనాల కేసులు

జాతీయ రహదారి 16 మన రెండు జిల్లాల్నీ పొడవునా కోసుకుంటూ వెళ్తుంది. కాబట్టి వాహనాల క్లెయిములకు కొదవ లేదు. ఇక్కడ కంపెనీలు ఇంకా పాత కారణాలు పట్టుకుని వేలాడుతుంటాయి, అవి కోర్టుల్లో ఎప్పుడో చెల్లకుండా పోయాయి.

డ్రైవరుకి లైట్ మోటార్ వెహికల్ లైసెన్సే ఉంది, నడిపింది రవాణా వాహనం అన్న అభ్యంతరం తీసుకోండి. బజాజ్ అలయంజ్ వర్సెస్ రంభాదేవి కేసులో 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం 7,500 కిలోలలోపు వాహనానికి ఆ లైసెన్సు చాలని చెప్పింది. రణస్థలం దగ్గర బోల్తాపడిన బొలెరో పికప్ విషయంలో ఈ కారణం రాసి ఉంటే దాని మీద పోరాడటం అనవసరం. ఆటోలో పరిమితికి మించి జనాన్ని ఎక్కించారన్నది ఇంకోటి. బి.వి. నాగరాజు కేసు 1996, లఖ్మీచంద్ కేసు 2016 ఏమంటాయంటే, అదనపు జనం వల్లే ప్రమాదం జరిగిందని కంపెనీ చూపించాలి, అప్పుడే బండి నష్టం చెల్లించకుండా ఉండొచ్చు. దొంగతనం కేసుల్లో పోలీసులకు వెంటనే చెప్పి, కంపెనీకి ఆలస్యంగా చెబితే ఆ ఒక్క ఆలస్యంతో తిరస్కరించకూడదని గురుశిందర్ సింగ్ కేసులో 2020లో ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు.

మరి కంపెనీకి ఏం మిగిలింది? పోలీసులకు కూడా ఆలస్యంగా చెప్పడం, ప్రమాదం రోజు పాలసీ అమల్లో లేకపోవడం, డ్రైవరు పేరు మార్చడం లాంటివి. షరతు ఉల్లంఘన నిజమే కానీ నష్టానికి మూలం అది కాదనుకున్నప్పుడు అమలేందు సాహూ కేసు 2010 గుర్తు చేయండి. అందులో 75 శాతం చెల్లించమన్నారు. మొత్తం ఇవ్వం అని భీష్మించుకునే బదులు ఆ దారి కమిషన్ ముందు పెట్టడం చాలా కేసుల్లో కంపెనీకి కూడా నయం.

తుఫాను, సరుకు నష్టం, సర్వేయర్ లెక్క

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస పక్కన తీరం దాటింది. దానికి నాలుగేళ్ల ముందు హుద్‌హుద్. గోదాముల్లో నీళ్లు చేరి, రేకులు లేచిపోయి, జీడిపప్పు తడిసిపోయిన కేసుల్లో నష్టం జరగలేదని ఎవరూ అనరు. ఎంత అన్నదే తగాదా.

యావరేజ్ క్లాజ్ గురించి కమిషన్‌కి అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకోండి. పలాసలో ఒక జీడి వ్యాపారి గోదాములో 40 లక్షల సరుకు ఉంది అనుకుందాం. బీమా 20 లక్షలకే చేశాడు. 10 లక్షల సరుకు పాడైతే 10 లక్షలూ రావు, 5 లక్షలు వస్తాయి. సగం సరుకుకే ప్రీమియం కట్టాడు కాబట్టి నష్టంలో సగం అతనిదే. ఫిర్యాదుదారు మాత్రం 20 లక్షల పాలసీ ఉండగా 10 లక్షలు ఇవ్వలేదు, ఇది దగా అంటాడు. కౌంటరులో ఒక పేరాలో ఈ లెక్కని అంకెలతో వేసి చూపించండి. క్లాజు నంబరు రాసి ఊరుకుంటే ఎవరికీ ఎక్కదు.

సర్వేయర్ రిపోర్టు ముఖ్యమైన సాక్ష్యమే, కానీ అదే ఆఖరి మాట కాదని ప్రదీప్ కుమార్ కేసులో 2009లో సుప్రీంకోర్టు అంది. సర్వేయర్ ఏ కాగితాల మీద లెక్క వేశాడు? బ్యాంకుకి ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంటు, జీఎస్టీ రిటర్నులు, కొనుగోలు బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి. కారణం చెప్పకుండా 30 శాతం తగ్గించిన చోట గుర్తు పెట్టుకుని, సర్వేయర్ చేత అఫిడవిట్‌లో వివరణ ఇప్పించండి. కారణం లేకపోతే ఆ 30 శాతం ఇచ్చేయమని చెప్పండి. ఒకరి తర్వాత ఒకరుగా సర్వేయర్లని మార్చి, తక్కువ అంకె వచ్చేదాకా ఆగిన ఫైలు చేతికొస్తే అది చాలా చెడ్డ ఫైలు.

ఫుల్ అండ్ ఫైనల్, అంటే ఇక రావాల్సిందేమీ లేదు, అని సంతకం చేసిన డిశ్చార్జి ఓచరు ఉంది కదా, కేసు చెల్లదు అని ధీమా వద్దు. ఒత్తిడితోనో మోసంతోనో సంతకం పెట్టించుకున్నారని చూపిస్తే కేసు నడుస్తుందని 1999లో అజ్మీర్ సింగ్ కాటన్ కేసు చెప్పింది. డబ్బు వేసిన వెంటనే అతను అభ్యంతరం రాశాడా, నెలల తరబడి ఊరుకున్నాడా అన్నది చూడండి.

కౌంటరు, సాక్ష్యం

పాత కౌంటరులో పేర్లు మార్చి దాఖలు చేసే అలవాటు మానండి. 'ఫిర్యాదు అబద్ధం, కల్పితం, వేధింపు' అన్న మొదటి వాక్యం చదివి ఎవరూ మనసు మార్చుకోరు. మొదటి పేజీలోనే తేదీల పట్టీ పెట్టండి: పాలసీ ఎప్పుడు, నష్టం ఎప్పుడు, సమాచారం ఎప్పుడు, సర్వే ఎప్పుడు, కాగితాలు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు ఇచ్చారు, నిర్ణయం ఎప్పుడు. ఆ తర్వాత ఒప్పుకునేవి ఒప్పుకోండి. పాలసీ ఉంది, ప్రీమియం అందింది, మరణం నిజం. ఒప్పుకోవాల్సినవి ఒప్పుకున్నాక తగాదా ఏ ఒక్క చోట ఉందో అది మాత్రమే మిగులుతుంది. అక్కడ పేరా పేరాకి జవాబు రాయండి.

సెక్షన్ 69 ప్రకారం రెండేళ్ల గడువు దాటిన ఫిర్యాదైతే ఆ అభ్యంతరం తప్పక తీసుకోండి. తిరస్కరణ అందాక కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినంత మాత్రాన గడువు పెరగదు. కానీ తిరస్కరణ లేఖ అసలు అందిందని మీరే చూపించాలి.

ఈ కమిషన్లలో విచారణ ఎక్కువగా అఫిడవిట్లు, కాగితాల మీదే సాగుతుంది. కాబట్టి అఫిడవిట్ ఎవరిస్తున్నారన్నది ప్రధానం. విశాఖలో కూర్చున్న లీగల్ మేనేజరు 'రికార్డు ప్రకారం' అని ఇచ్చేదానికీ, ఊరికి వెళ్లి విచారించిన ఇన్వెస్టిగేటరు ఇచ్చేదానికీ చాలా తేడా ఉంటుంది. సర్వేయర్, డాక్టరు, ఏజెంటు, ఎవరి మాట మీద మీ కేసు నిలుస్తుందో వాళ్ల అఫిడవిట్ వేయండి. ఫిర్యాదుదారు చెప్పినదాన్ని ప్రశ్నించాలంటే రాతపూర్వక ప్రశ్నావళి ఇచ్చే వీలుంది. పదిలోపు ప్రశ్నలు చాలు. కంప్యూటర్ నుంచి తీసిన కాగితాలకు భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయండి. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పాటించకపోయినా, అప్పీల్లో ఆ అభ్యంతరం రాకుండా ఉంటుంది.

ఇది పెద్ద మోసం, సివిల్ కోర్టులోనే తేలాలి అన్న వాదన ఉంది, దానికి తీర్పులూ ఉన్నాయి. నిజంగా సంతకం ఫోర్జరీ, నకిలీ మరణ ధృవీకరణ పత్రం లాంటివి ఉండి, పోలీసు కేసు కూడా పెట్టి ఉంటేనే ఎత్తండి.

దురుద్దేశం అన్న మాటకి జవాబు

కంపెనీ నిర్ణయం తప్పు కావచ్చు, అయినా దురుద్దేశం లేకపోవచ్చు. ఈ రెండూ వేరని కమిషన్‌కి చూపించగలిగితే, క్లెయిమ్ ఓడినా శిక్షాత్మక పరిహారం తప్పుతుంది. దానికి విశేషణాలు పనికిరావు, తేదీలే పనికొస్తాయి. బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2017 నిబంధనల ప్రకారం సర్వే రిపోర్టు చేతికందాక 30 రోజుల్లో నిర్ణయం చెప్పాల్సి ఉండేది. 2024 జూన్ తర్వాతి నిబంధనల్లో సాధారణ బీమాకి సర్వే రిపోర్టు 15 రోజుల్లో, ఆపై నిర్ణయం 7 రోజుల్లో రావాలి. మీ క్లెయిమ్ ఏ కాలానిదో చూసి ఆ కాలపు గడువులతో సరిపోల్చండి. ఎక్కడైనా ఆలస్యం ఉంటే కారణం ముందే చెప్పండి. మీరు అడిగిన కాగితం కోసం ఎన్ని రిమైండర్లు రాశారో తేదీలతో పెట్టండి. ఒకే కాగితాన్ని మూడు సార్లు, ఇచ్చాక కూడా అడిగిన ఫైలైతే ఈ వాదన జోలికి వెళ్లకండి.

వివాదం లేని భాగం చెల్లించేయడం అన్నిటికంటే బలమైన జవాబు. సర్వేయర్ లెక్కకట్టిన 5 లక్షలు కేసు మొదలయ్యే లోపే, ఫుల్ అండ్ ఫైనల్ సంతకం అడగకుండా ఖాతాలో వేసిన కంపెనీని దగాకోరు అనడం ఎవరికైనా కష్టం.

ఆర్డరు వచ్చాక

ఆర్డరు కాపీ చేతికందిన తేదీ రాసుకోండి. విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు 45 రోజుల్లో వేయాలి, ఆర్డరు మొత్తంలో సగం ముందే డిపాజిట్ చేయాలి. వారంలోపు కంపెనీకి అభిప్రాయం పంపండి. అప్పీలు వేయమంటే ఏ పేరాలో ఏ తప్పు జరిగిందో చెప్పండి, లేదంటే చెల్లించమని రాయండి. రెండూ రాయకుండా 'తగు నిర్ణయం తీసుకోగలరు' అని పంపే ఉత్తరం వల్ల ఉపయోగం లేదు.

అప్పీలూ వేయక, డబ్బూ కట్టక కూర్చుంటే అమలు పిటిషన్ వస్తుంది. సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అప్పుడు నోటీసు అందుకునేది బ్రాంచి మేనేజరు. కట్టాలని తేలితే వడ్డీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంత శాతం అన్నది పట్టీ వేసి, ఆ పట్టీతో సహా డబ్బు కమిషన్‌లో జమ చేసి, మెమో దాఖలు చేసి, రసీదు ఫైల్లో పెట్టండి. పట్టీ కాపీ ఒకటి ఫిర్యాదుదారు వకీలుకి అదే రోజు పంపండి.